చెమ్మ దస్త్రం: ఒక పైకప్పు మరక, నాలుగు కాగితాలు

1వ రోజు

పడకగది పైకప్పు మూలన అరచేయంత మరక. అంచు గోధుమ రంగు, మధ్యలో సున్నం ఉబ్బి ఉంది. వేలితో తాకితే చల్లగా, మెత్తగా తగిలింది. దీపం ఆ మూలకు మూడడుగుల దూరంలోనే ఉంది కాబట్టి ముందు ఆ గది కరెంటును బోర్డు దగ్గరే ఆపేశాను. మంచం జరిపాను, బీరువా మాత్రం ఒక్కదాన్నే జరపలేకపోయాను.

ఇది నాకు రెండో అనుభవం. ఇంతకు ముందు అద్దెకున్న ఇంట్లో ఒక గోడ ఎనిమిది నెలలు తడుస్తూనే ఉంది. యజమానికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆయన "మీరు ఒక్కసారైనా చెప్పలేదే" అంటూ గోడ బాగుచేసే ఖర్చును అడ్వాన్సులో కోసుకున్నారు. చెప్పానని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. రుజువు చేసే కాగితం మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

అందుకే ఈసారి మొదటి రోజు నుంచే ఒక దస్త్రం తయారుచేయాలనుకున్నాను. నాకొక్కదానికే కాకుండా, వేరే దేశాల్లో అద్దె ఇళ్లలో ఉంటున్న మావాళ్లకు కూడా పనికొచ్చేలా చేయాలని ఆలోచన. తమ్ముడు ఇంగ్లండులో, మేనకోడలు కాలిఫోర్నియాలో, పాత సహోద్యోగి ఒకాయన జర్మనీలో ఉన్నారు. చట్టాలు వేరు కావచ్చు కానీ నీళ్లు కారే తీరు ఎక్కడైనా ఒకటే. దస్త్రంలో నాలుగు కాగితాలు: మరక చిట్టా, కారణం, ఉత్తరం, పాడైన వస్తువుల జాబితా.

2వ రోజు

మరక అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాశాను. కొలత తెలియడానికి స్కేలు పట్టి మూడు ఫోటోలు తీశాను: ఒకటి గది మొత్తం కనిపించేలా, ఒకటి ఆ మూల వరకు, ఒకటి దగ్గర నుంచి. దగ్గరి ఫోటో ఒక్కటే ఉంటే అది ఎవరింటి పైకప్పో ఎవరూ చెప్పలేరు. పోయినసారి నా ఫోటోలన్నీ అలాంటివే.

యజమానికి ఫోన్ చేశాను. "చూద్దామండీ" అన్నారు. ఫోన్ పెట్టగానే అదే విషయం రెండు వాక్యాల్లో సందేశంగా పంపి ఫోటోలు జతచేశాను. "ఇప్పుడే ఫోన్‌లో మీకు చెప్పినట్టు" అని మొదలుపెడితే సందేశం మర్యాదగానూ ఉంటుంది, ఫోన్ చేసిన సంగతీ నమోదవుతుంది.

4వ రోజు

చిట్టాలో రోజుకు మూడు వరసలు రాస్తున్నాను: ఉదయం ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి పది. మరక గీత దాటిందా లేదా, దాటితే ఎంత అన్నది వివరం. రెండు రోజులకే ఒక తీరు కనిపించింది. ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య మరక పెరుగుతోంది, రాత్రంతా కదలడం లేదు. నీళ్లు వచ్చే పైపుకు చిల్లు పడితే అందులో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రాత్రి కూడా కారాలి. వాడినప్పుడే తడుస్తోందంటే నీళ్లు బయటికి పోయే దారిలోనో, పై బాత్‌రూమ్ నేలలోనో లోపం ఉండాలి.

పైఅంతస్తు వాళ్లను కలిశాను. మంచి మనుషులు. కుళాయిలన్నీ కట్టేసి రెండు గంటలపాటు వాళ్ల నీటి మీటరు చూశాం. ముల్లు కదల్లేదు. నా ఊహకు కొంత బలం వచ్చింది.

7వ రోజు

యజమాని వచ్చి చూశారు. ఆయన తేల్చింది ఇది: "మీరు కిటికీలు తెరవడం లేదు, ఆవిరి పట్టింది."

కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. కానీ ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. గాలి ఆడని గదిలో చల్లటి గోడ మీద ఆవిరి నీరుగా మారి బూజు పట్టడం నిజంగానే జరుగుతుంది, దానికి అద్దెకున్నవాళ్ల అలవాట్లు కూడా కారణం కావచ్చు. ఏ దేశంలోనైనా సగం తగాదాలు ఇక్కడే పుడతాయి: తడి ఇంట్లోంచి పుట్టిందా, ఇంటి మీదికి వచ్చిందా? మరమ్మతు ఎవరి బాధ్యతన్నది ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడుతుంది.

అందుకని రేకు పరీక్ష పెట్టాను. జానెడు చదరం అల్యూమినియం రేకు ముక్కలు రెండు తీసుకుని, ఒకటి మరక మీద, రెండోది ఎదుటి గోడ మీద పొడిగా ఉన్నచోట, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపుతో అంటించాను. రెండు రోజులు ఆగాలి. రేకుకు గది వైపు నీటి బిందువులు పడితే గాలిలోని ఆవిరి. లోపలి వైపు, అంటే సున్నానికి ఆనుకున్న వైపు పడితే తడి కట్టడంలోంచి వస్తున్నట్టు.

9వ రోజు

మరక మీది రేకు: గది వైపు పొడి, లోపలి వైపు తడి. గోడ మీది రేకు: రెండు వైపులా పొడి. తీస్తున్నప్పుడే వీడియో తీశాను. పక్కన తేమ కొలిచే చిన్న యంత్రం కూడా పెట్టాను, గదిలో గాలి తేమ 52 శాతం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంట్లో తేమ 60 శాతం లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉండాలంటుంది. నా గది ఆ మంచి హద్దుకు కొంచెం పైన ఉంది. ఆ అంకెను దాచకుండా అలాగే రాశాను. మనకు నచ్చని అంకెను వదిలేస్తే చిట్టా మొత్తం మీద నమ్మకం పోతుంది.

11వ రోజు

ఉత్తరం మొదటి ప్రతి మూడు పేజీలు వచ్చింది. పోయిన ఇంటి బాధ, ఈ ఇంటి బాధ, మానవత్వం మీద ఒక పేరా. తమ్ముడికి పంపితే "అక్కా, ఇది ఉత్తరమా, కోర్టులో వాదనా?" అని అడిగాడు. రెండోసారి అర పేజీకి కుదించాను. అందులో ఉన్నవి: మరక మొదట కనిపించిన తేదీ, చెప్పిన తేదీలు, రేకు పరీక్ష ఫలితం, ఒప్పందంలోని మరమ్మతుల నిబంధన, ఎన్ని రోజుల్లో మనిషిని పంపాలని కోరుతున్నానో, నేను ఏయే వేళల్లో తలుపు తీయగలనో. ఆఖరి అంశం చిన్నదిగా అనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. "వస్తే తాళం వేసి ఉంది" అనే మాటకు అది ముందే ఇచ్చిన జవాబు.

చట్టం కూడా చదివాను. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోని ఎఫ్ క్లాజు ప్రకారం, యజమాని తాను చేయాల్సిన మరమ్మతును నోటీసు అందాక సమంజసమైన గడువులో చేయకపోతే, అద్దెకున్నవారు తామే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. మొదటిసారి చదివినప్పుడు ఎగిరి గంతేశాను. రెండోసారి చదివితే "తాను చేయాల్సిన" అన్న మాట కనిపించింది. ఏ మరమ్మతు ఎవరిదో ఆ క్లాజు చెప్పదు, అది ఒప్పందంలో వెతుక్కోవాలి. పైగా ఆ సెక్షన్ మొత్తం, వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడే వర్తిస్తుంది. నా ఒప్పందంలో "కట్టడానికి, పైపులకు సంబంధించిన పెద్ద మరమ్మతులు యజమానివి" అని ఒక వరస ఉంది. సంతకం చేసిన రోజు ఆ వరస నేను చదవనేలేదు.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ పంపకాన్ని రెండో షెడ్యూల్‌లో స్పష్టంగా రాసింది. కట్టడం మరమ్మతులు, అవసరమైనప్పుడు పైపులు మార్చడం యజమాని పని. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం, వాష్ బేసిన్ మరమ్మతు అద్దెకున్నవారి పని. యజమాని చేయకపోతే అద్దెలో మినహాయించుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ సగం అద్దెకు మించకూడదు. ఇల్లు ఉండడానికే పనికిరాకుండా పోయి, రాతపూర్వకంగా అడిగినా బాగుచేయకపోతే, 15 రోజుల నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు. అయితే ఇది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రమైనా తన చట్టంగా తెచ్చుకున్నప్పుడే అక్కడ అమలవుతుంది.

12వ రోజు

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి, ప్రతిని మెయిల్ చేశాను. రసీదు దస్త్రంలో పెట్టాను.

15వ రోజు

ఈ రోజు నేను చేసిన తప్పు ఇక్కడ రాసి ఉంచాలి.

ఉత్తరం అందిన మర్నాడే యజమాని మనిషిని పంపారు. ప్లంబరు అనుకుని సంతోషపడ్డాను, వచ్చింది రంగులేసే ఆయన. ఉబ్బిన సున్నం గీకి, పుట్టీ రాసి, పైన రెండు పూతల తెల్లరంగు వేసి గంటన్నరలో వెళ్లిపోయారు. ఆపుదామనుకున్నాను గానీ, ఇన్నాళ్లకు ఒక మనిషి వచ్చాడు కదా, ఆపితే "మరమ్మతు చేయనివ్వలేదు" అంటారేమోనని భయపడ్డాను. పెన్సిలు గీతలన్నీ పోయాయి. యజమాని నుంచి సందేశం: "పని పూర్తయింది."

నేను చేయాల్సింది ఇది: తలుపు తీసి, పని చేయనిచ్చి, అదే నిమిషంలో "లీకు ఆపకముందే రంగు వేస్తున్నారు, కారణం ఇంకా వెతకలేదు" అని ఒక సందేశం పంపడం. రాత్రికి గానీ తట్టలేదు. రాత్రే పంపాను, ఆలస్యమైనా. ఉత్తరం నమూనాలో కూడా ఒక వాక్యం కలిపాను: "ముందు తడి వచ్చే చోటు కనుక్కుని ఆపాలని, పూర్తిగా ఆరిన తర్వాతే పైపూత వేయాలని కోరుతున్నాను."

18వ రోజు

దస్త్రం నమూనా మీద ముగ్గురి అభిప్రాయాలూ వచ్చాయి. జర్మనీ ఆయన మాట అన్నిటికంటే పనికొచ్చింది. అక్కడి పౌర చట్టం 536వ సెక్షన్ ప్రకారం ఇంట్లో లోపం ఉన్నంతకాలం అద్దె దానంతటదే తగ్గుతుంది. యజమాని తప్పు ఉందా లేదా అన్నది దానికి ప్రశ్నే కాదట. వినడానికి స్వర్గంలా ఉంది. కానీ 536సి ప్రకారం లోపం కనిపించిన వెంటనే చెప్పాల్సిన బాధ్యత అద్దెకున్నవారిది. చెప్పకపోవడం వల్ల యజమాని బాగుచేయలేకపోతే ఆ తగ్గింపు పోతుంది, నష్టం కూడా మన మీదే పడవచ్చు. ఎంత తగ్గించుకోవచ్చో తప్పుగా లెక్కేసి ఎక్కువ కోసుకుంటే, బకాయి రెండు నెలల అద్దెకు చేరినప్పుడు ఖాళీ చేయించే ప్రమాదం కూడా ఉంది. ఆయన వెనకటికి అద్దె పూర్తిగా కడుతూనే "నా హక్కులను వదులుకోకుండా చెల్లిస్తున్నాను" అని రాసి, తర్వాత తిరిగి అడిగారట. ఆ వాక్యాన్ని నమూనాలో చేర్చాను.

మేనకోడలు "అత్తా, మా దగ్గర అయితే నేనే బాగుచేయించుకుని అద్దెలో కోసుకోవచ్చు" అంది. నిజమే, కాలిఫోర్నియా పౌర చట్టం 1942 ఆ వీలు ఇస్తుంది. కానీ ఖర్చు ఒక నెల అద్దెకు మించకూడదు, పన్నెండు నెలల్లో రెండుసార్లకు మించి వాడకూడదు, నోటీసిచ్చి సమంజసమైన గడువు ఇవ్వాలి. 30 రోజులు ఆగితే సరైన గడువుగానే భావిస్తారు, అత్యవసరమైతే అంతకంటే తక్కువైనా చాలు. పైఅంతస్తు నేల తవ్వాల్సిన పని ఒక నెల అద్దెలో ఎక్కడ అవుతుంది? పైగా ఆ నేల తనది కాదు, తన యజమానిది కూడా కాకపోవచ్చు. అడిగితే "అవును కదా" అని ఊరుకుంది.

20వ రోజు

తమ్ముడు ఒక పాత తీర్పు గురించి చెప్పాడు, అప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది. ఓబ్రయన్ వర్సెస్ రాబిన్సన్, 1973, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన బ్రిటన్ ప్రభువుల సభ తీర్పు. అద్దె ఇంట్లో పడకగది పైకప్పు ఊడి దంపతుల మీద పడింది, గాయపడ్డారు. పైకప్పు మరమ్మతు చట్టప్రకారం యజమానిదే, అందులో వాదన లేదు. అయినా వాళ్లు కేసు ఓడిపోయారు. లోపం లోపల దాగి ఉంది, దాని గురించి యజమానికి తెలియదు, తెలియజేసినవారూ లేరు. ఇంటి లోపలి లోపం సంగతి యజమానికి చేరాకే మరమ్మతు బాధ్యత మొదలవుతుందని సభ తేల్చింది.

ఇంగ్లండులో 1985 నాటి ఇంటి యజమానులు, అద్దెదారుల చట్టం 11వ సెక్షన్, ఏడేళ్ల లోపు అద్దెలకు కట్టడం, బయటి భాగాలు, నీటి పైపుల మరమ్మతు యజమానికే అప్పగిస్తుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా దాన్ని తప్పించుకోవడం కుదరదు. అంత గట్టి చట్టం ఉన్నచోట కూడా అంతా చెప్పిన తేదీ దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఈ మధ్య అక్కడ సామాజిక గృహాల (స్థానిక మండళ్లు, గృహ సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ల) యజమానులకు రోజుల లెక్కన గడువులు పెట్టారు. 2020లో బూజు పట్టిన ఇంట్లో రెండేళ్ల బాబు అవాబ్ ఇషాక్ చనిపోయాక వచ్చిన ఆ నిబంధనలు 2025 అక్టోబరు 27న అమల్లోకి వచ్చాయి. అత్యవసరమైతే 24 గంటల్లో చర్య తీసుకోవాలి, తీవ్రమైన తేమ, బూజు అయితే 10 పనిదినాల్లో విచారణ జరపాలి. ఆ గడియారం కూడా సంగతి తెలిసిన రోజు నుంచే కదులుతుంది.

ఈ రోజు నుంచి మరక చిట్టా మొదటి వరసలో మరక కొలత కంటే ముందు "ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాను" అన్న గడి పెట్టాను.

21వ రోజు

తెల్లరంగులోంచి మరక బయటికొచ్చింది. ఆరు రోజులు పట్టింది. ఈసారి అరచేయి కాదు, పెద్ద పళ్లెమంత. ఫోటోలు తీసి, రంగు వేసిన నాటి ఫోటో పక్కన పెట్టి పంపాను. వ్యాఖ్య ఏమీ రాయలేదు.

22వ రోజు

యజమాని మెత్తబడ్డారు, కానీ కొత్త మాట ఎత్తారు: "అది పైవాళ్ల బాత్‌రూమ్. వాళ్లతో మీరే మాట్లాడుకోండి."

అపార్టుమెంటుల్లో అద్దెకున్నవాళ్లను చివరికి నలిపేసేది ఈ మాటే. పైవాళ్లతో నాకు ఏ ఒప్పందమూ లేదు. నేను అద్దె కట్టేది ఈయనకు. ఈ ఇంటికి యజమానిగా పైయజమానిని అడిగే అధికారం, సంఘం సమావేశంలో కూర్చునే కుర్చీ ఈయనవి. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఆ ఇద్దరు యజమానుల లెక్క, నా పడకగది పొడిగా ఉండడం మా ఇద్దరి లెక్క. ఇదే మాటను ఇంకా మర్యాదగా నాలుగు వరసల్లో రాసి పంపాను. నేను రాసిన వాటన్నిటిలో ఇదే బాగా వచ్చిందని నా నమ్మకం.

26వ రోజు

ప్లంబరు వచ్చారు. పైవాళ్లు ఒప్పుకున్నారు. బాత్‌రూమ్ నీళ్లు పోయే కన్నాన్ని మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలిపి, రంగు కలిపి ఒక రోజు వదిలేశాం. మర్నాడు మా పైకప్పు మూల మీద కొత్త తడి లేదు. అంటే నేల బాగానే ఉంది. అప్పుడు కన్నం తెరిచి ఆ రంగునీళ్లు వదిలారు. నలభై నిమిషాల్లో మా మూలన ఆకుపచ్చ చుక్క. నీళ్లు పోయే పైపు నేలలోకి దిగే చోట అతుకు విడిపోయింది. ఆ ఆకుపచ్చ చుక్కను చూసి నేనూ ప్లంబరూ పైవాళ్ల అబ్బాయీ ముగ్గురం చప్పట్లు కొట్టాం. యజమాని కొట్టలేదు.

29వ రోజు

నాలుగు పలకలు తీసి అతుకు మార్చారు. పని చేసిన వారితో ఒక కాగితం మీద కారణం, చేసిన పని, తేదీ రాయించుకున్నాను. "కారణం" కాగితం పూర్తయింది.

41వ రోజు

ఆరడం ఎంత నెమ్మదో ఎవరూ చెప్పరు. నీళ్లు పడ్డాక 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే బూజు పట్టదని అమెరికా సంస్థ సలహా. కానీ అది ఇప్పుడే తడిసిన వాటి సంగతి. వారాల తరబడి నీళ్లు తాగిన స్లాబు వారాల తరబడే వదులుతుంది. గోడలో తడిని కొలిచే మీటరు సూదులు గుచ్చి చూస్తున్నాను. ఈ మీటర్లలో అంకెలు చెక్క కోసం పెట్టినవి, సున్నం మీద వాటికి సొంతంగా అర్థం లేదు. అందుకే ఎదుటి పొడి గోడ అంకెతో పోలుస్తున్నాను. పొడి గోడ 9. మరక మధ్య భాగం 31 నుంచి 19కి దిగింది. రంగు ఇప్పుడే వద్దని యజమానికి రాశాను. ఈసారి "సరే, మీరు చెప్పినప్పుడే" అన్నారు.

43వ రోజు

నాలుగో కాగితం, పాడైన వస్తువుల జాబితా. బీరువాను ఆ మొదటి రోజే పక్కవాళ్ల సాయంతో జరిపి ఉంటే దాని వెనక పలక ఉబ్బేది కాదు. 2వ రోజు నాటి గది మొత్తం ఫోటోలో బీరువా మరక కిందే కనిపిస్తోంది, దాన్ని దాచలేను. తెలిసీ జరపని నష్టంలో నా వంతు ఉందని తమ్ముడు కూడా అన్నాడు. పుస్తకాలు, పరుపు అంచు మాత్రం రంగు వేసిన తర్వాతి తడిలో పాడయ్యాయి. రెండింటినీ వేరు వేరు వరసల్లో రాసి, రెండో వరసకు మాత్రమే పరిహారం అడిగాను. యజమాని భవనానికి బీమా ఉన్నా అందులో సాధారణంగా నా సామాన్లు ఉండవు. అద్దెకున్నవారి సామాన్లకు బీమా వేరే తీసుకోవాలి. ఆ గడి కూడా నమూనాలో పెట్టాను.

55వ రోజు

మీటరు 11. మేనకోడలి ఇంట్లో వాష్ బేసిన్ కింద అలమారా తడిసిందట. నిన్న రాత్రి దస్త్రం అడిగి తీసుకుంది, పొద్దుటికి చిట్టాలో మొదటి మూడు వరసలు నింపి పంపింది. మొదటి గడిలో "ఎవరికి చెప్పాను" అన్నచోట ఖాళీగా ఉంది. ఫోన్ చేసి ముందు అది నింపమన్నాను.

పుస్తకాల పరిహారం మీద యజమాని జవాబు ఇంకా రాలేదు. నా ఉత్తరంలో ఇచ్చిన గడువు ఇంకా ఆరు రోజులుంది.